చేతివాటం

పిడి మేస్త్రీ పాలవాడిని అనుమానించేవాడు, పాలను అనుమానించేవాడు, పాలు కాచి ఇచ్చిన భార్యను కూడా కాస్త అనుమానించేవాడు. గోడ గడియారం ఐదు నిమిషాలు వెనకబడితే బ్యాటరీ అయిపోయిందనుకోడు, ఎవరో ముల్లు తిప్పారనుకుంటాడు. వీధి చివరి కొట్టులో సబ్బు కొంటే పైకాగితం విప్పి, లోపల ఉన్నది సబ్బేనని తేల్చుకున్నాకే మెట్లు దిగుతాడు. ఇంతమందిని అనుమానించినా ఆయన అనుమానించని మనిషి ఒకడున్నాడు. ఆ మనిషి ఆయనే.

అలాగని చెడ్డవాడేం కాదు. ఒకరి సొమ్ము ఆశించి ఎరగడు, చెప్పిన రోజుకి పని ఇవ్వకుండా ఉండడు. చేపలు పట్టే గాలం కర్రలకు పిడులు చేయడం ఆయన వృత్తి. అందరికీ ఒకే కొలతలో వచ్చే పిడులు కావు. ఎవరి కర్రకు వాళ్ళ చెయ్యి అచ్చుపోసినట్టు అమరే పిడి చేస్తాడు. ఇంటి ముందుగదే దుకాణం. రెండు కిటికీలు, ఒక పొడవాటి బల్ల, బల్ల కింద అంతే పొడవున్న రేకుపెట్టె, గోడనిండా కర్రలు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి చేతులున్న కుర్చీ ఒకటి. గది మొత్తం మీద సన్నని పసుప్పచ్చ పొడి ఎప్పుడూ పరుచుకునే ఉంటుంది.

ఈ విద్య ఆయనకు ఎవరూ నేర్పలేదు. నేర్పిందల్లా ఆయన అనుమానమే. వయసులో ఉన్నప్పుడు కిటికీలు బిగించే పని చేసేవాడు. చట్రానికీ గోడకీ మధ్య సందుల్లో డబ్బాలోంచి నురగ కొడితే అది ఉబ్బి, గట్టిపడి, సందు మూసేస్తుంది. ఒక సెలవురోజు చెరువుగట్టున కూర్చుంటే ఆయన గాలం కర్రకున్న పాత పిడి పుటుక్కున విరిగింది. సంచిలో మిగిలిపోయిన డబ్బా తీసి, విరిగినచోట ఇంత నురగ కొట్టి, దాని మీద ప్లాస్టిక్ సంచి చుట్టాడు. ఆరేదాకా కర్రను పక్కన పెట్టొచ్చు. కానీ పక్కన కూర్చున్న మనిషి వాలకం ఆయనకు నచ్చలేదు, కర్ర ఎత్తుకుపోతాడేమోనని గుప్పిట బిగించి పట్టుకునే కూర్చున్నాడు. అరగంట తర్వాత సంచి ఊడదీసి చూస్తే నాలుగు వేళ్ళూ, అరచెయ్యీ అచ్చం దిగి ఉన్నాయి. పాపం, ఆ పక్కమనిషి అరగంటా నిద్రపోతూనే ఉన్నాడు. ఆ మొదటి పిడి ఇప్పటికీ దుకాణంలో మేకుకు వేలాడుతూ ఉంటుంది.

ఇరవై రెండేళ్ళుగా అదే పద్ధతి. కర్ర మొదలు గరుకు చేస్తాడు, కాస్త నీళ్ళు చిలకరించి నురగ కొడతాడు, పైన పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేస్తాడు. అది ఉబ్బుతూ ఉబ్బుతూ ముద్దలాగా బిగుసుకునే సమయం ఒకటుంటుంది. అప్పుడు వచ్చినవాడి చేత దాన్ని పట్టించి, ఇరవై నిమిషాలు కదలొద్దని కుర్చీలో కూర్చోబెడతాడు. మర్నాడు కత్తితో అంచులు కోసి, ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేస్తాడు. ఆ మీద దారం చుట్టి గట్టి పూత పూయడం. దారం చుట్టే ముందు మేస్త్రీ కళ్ళు మూసుకుని పిడి అంతా తడుముతాడు, ఏ వేలి గాడిని ఆ వేలితోనే, అంచును అరచేతి అంచుతోనే. నూకంత ఎత్తున్నా ఆ చేతికి తెలిసిపోతుంది. కంటిని నమ్మనని, చెయ్యి ఒక్కటే తనకు అబద్ధం చెప్పదని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు.

ఒక్కొక్కరికీ ఒక చీటీ రాస్తాడు. అందులో వేళ్ళ కొలతల కింద 'చేతివాటం' అని ఒక గడి ఉంటుంది. కుడా ఎడమా, బరువు బొటనవేలి మీద వేస్తాడా చిటికెనవేలి వైపు వేస్తాడా, అన్నీ అందులోనే. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మాట చూసి, నాకలాంటి దొంగబుద్ధులు లేవు మేస్త్రీ అని నవ్వుతారు. ఆయన నవ్వడు. ఈ దుకాణంలో ఆ మాటకు ఒకటే అర్థమని, రెండో అర్థం కావాలంటే వీధిలో వెతుక్కోమని అంటాడు.

దుకాణంలో ఆయనకు తోడు బావమరిది. భార్యకు తమ్ముడు, యాభైకి దగ్గరపడ్డవాడు. సోఫాలు కుట్టే కార్ఖానా మూతపడ్డాక ఏడేళ్ళ కిందట అక్క ఇంటికి వచ్చాడు. పెళ్ళీ పెటాకులూ లేవు, నోట్లో నాలుక ఉందా అనిపించేంత నెమ్మది మనిషి. అంత నెమ్మదిగా ఉన్నాడంటే ఏదో ఉండే ఉంటుందని మేస్త్రీ మొదటిరోజే అనుకున్నాడు. దారం చుట్టడం, పూత పూయడం అతనికి అప్పగించాడు. నురగ డబ్బా, ఉప్పుకాగితం మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఏడేళ్ళూ చాప కింద నీరులా ఏం చేస్తున్నాడోనని ఓ కన్ను వేసే ఉంచాడు, ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం ఆయనకు మరీ అనుమానంగా ఉండేది.

ఆ సంవత్సరం దొరికింది.

మొదట డబ్బాలు. నెలకు ఆరు డబ్బాలు సరిపోయే చోట ఎనిమిది అవుతున్నాయి. తర్వాత ఉప్పుకాగితం. సన్నరకం కాగితాలు తను వాడకుండానే అరిగిపోతున్నాయి. ఒక రోజు పొద్దున తను పూర్తిచేసి పెట్టిన పిడి భోజనం అయ్యాక చూస్తే, చిటికెనవేలి గాడి దగ్గర ఏదో తేడాగా కనిపించింది. మర్నాడు ఇంకో పిడి మీద అదేచోట పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి, భోంచేసి, రోజూలాగే ఓ గంట కునుకు తీసి వచ్చాడు. చుక్క లేదు. ఎవరో దాని మీద రుద్దారు.

తన పిడుల్ని ఎవరో చెడగొడుతున్నారు. ఎందుకు? పేరు చెడగొట్టి, గిరాకీ విరగ్గొట్టి, పక్క వీధిలో సొంతంగా దుకాణం పెట్టడానికి. పెట్టేది ఎవరు? నురగ వంటికి అంటుకుంటే మూడు రోజులు కడిగినా పోదు. దారం, పూత తప్ప ముట్టని బావమరిది గోళ్ళ సందుల్లో పసుప్పచ్చ నురగ పెళ్ళలు కట్టి ఉంది. అంతవరకూ సరే, ఆ రోజు మజ్జిగ తెచ్చిన భార్య కళ్ళజోడు కాడ మీద కూడా ఆవగింజంత నురగ గట్టిపడి ఉంది. అదేమిటని అడిగితే బల్ల తుడిచానంది. బల్ల తుడిస్తే కళ్ళజోడుకు ఎలా అంటుతుందో మేస్త్రీకి అర్థం కాలేదు. అక్కాతమ్ముళ్ళు ఒక్కటయ్యారని మాత్రం అర్థమైంది.

ఇంట్లో ప్రతిదీ ఆయన మీద కుట్ర పన్నినట్టే ఉంది ఆ రోజుల్లో. మంచినీళ్ళ గ్లాసు రెండుసార్లు చేతిలోంచి జారిపోయింది. జిడ్డు పోయేలా తోమలేదని భార్యను కసిరాడు. పొద్దున లేచేసరికి చెయ్యి తిమ్మిరెక్కి మధ్యాహ్నందాకా వదలడం లేదు. కొత్త దిండులో దూది తక్కువ కూరాడని, దాన్ని కుట్టిన బావమరిదిని నిలదీశాడు. అతను మారు మాట్లాడకుండా దిండు విప్పి, ఇంకా ఇంత దూది కూరి, మళ్ళీ కుట్టి ఇచ్చాడు. తప్పు చేసినవాడే అలా ఒదిగి ఉంటాడని మేస్త్రీ లెక్క.

ఒక మధ్యాహ్నం కునుకు పట్టినట్టు పడుకుని, చప్పుడు కాకుండా లేచి, వంటింటి గోడకు చెవి ఆనించాడు. లోపల బావమరిది గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"చేతివాటం బాగా ఎక్కువైపోతోందక్కా. ఇంక నా వల్ల కాదు. బావకి తెలిస్తే ఎలా?"

"తెలియనివ్వకు," అంది భార్య. "నేను చెప్పేదాకా నోరు విప్పకు."

దొంగ తన నోటితోనే ఒప్పుకున్నాడు. కట్టుకున్నది కాపు కాస్తోంది. లోపలికి వెళ్ళి చొక్కా పట్టుకుని బయటికి ఈడుద్దామనుకున్నాడు. మళ్ళీ ఆగాడు. మాటకు సాక్ష్యం లేదు, ఇద్దరూ కలిసి కాదనేస్తారు. అందరి ముందూ, నోరెత్తడానికి వీల్లేకుండా పట్టుకోవాలి. పట్టుకున్న రోజునే అతన్ని సంచి సర్దుకోమనాలి. ఆ నిర్ణయం చేసుకున్నాక ఆయనకు కాస్త హాయిగా కూడా అనిపించింది.

అప్పుడు చేతిలో ఉన్నది మూడువేళ్ళ పెద్దాయన పని. ఆయన ముప్పై ఏళ్ళు కోత మిల్లులో రంపం దగ్గర పనిచేశాడు. రిటైరవడానికి రెండు నెలల ముందు కుడిచేతి ఉంగరపువేలు, చిటికెనవేలు రంపానికి పోయాయి. అంతకుముందు ప్రతి ఆదివారం గాలం వేసేవాడు. ఆ తర్వాత కొన్న ఏ కర్రా చేతిలో నిలవలేదు. మేస్త్రీ పేరు విని రెండు బస్సులు మారి వచ్చి, కుర్చీలో కూర్చుని, ఇరవై నిమిషాలూ కదలకుండా నురగ పట్టుకున్నాడు. వేళ్ళు లేనిచోట అరచేతి అంచుకు ఆనేలా పిడి కొంచెం ఎత్తుగా ఉండాలి. అక్కడ గాయం మానిన మచ్చ ఉంది గనుక ఆ ఎత్తు వెన్నలా ఉండాలి. అలాంటి పని ఆ చుట్టుపక్కల చేయగలిగినవాడు మేస్త్రీ ఒక్కడే.

ఈ పిడి మీద మాత్రం ఇంకో చెయ్యి పడనివ్వకూడదని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. రెండు రోజులు రుద్దాడు. మూడోరోజు కళ్ళు మూసుకుని తడిమి, తృప్తిపడి, గుడ్డలో చుట్టి, కిటికీల పనివాళ్ళు వేసే మెలికముడి వేశాడు. ఆ ముడి ఆ ఇంట్లో ఇంకెవరికీ రాదు. దాన్ని రేకుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. దారం, పూత కూడా ఆ పెద్దాయన పట్టి చూశాకే అన్నాడు. మధ్యాహ్నం కునుకు మానేశాడు.

బావమరిది రెండు రోజులు ఆ పెట్టె చుట్టూ తిరిగాడు. ఒకసారి దగ్గరికొచ్చి, "బావా, ఆయనకిచ్చే ముందు ఒక్కసారి నన్ను చూడనివ్వండి," అన్నాడు.

"ఏం చూస్తావు?"

"ఊరికే. ఒక్క పది నిమిషాలు."

మేస్త్రీ లోలోపల నవ్వుకున్నాడు. వల్లో పడ్డాడనుకున్నాడు. ఆ సాయంత్రం భార్య కూడా వచ్చి, వాడికి ఒకసారి ఇస్తే పోయేదేముందని అంది. ఆయన మొలతాడు తడుముకున్నాడు.

శనివారం పొద్దున మూడువేళ్ళ పెద్దాయన వచ్చాడు. కొత్త టోపీ పెట్టుకున్నాడు, మర్నాడే పాత స్నేహితులతో చెరువుకు వెళుతున్నానని గుమ్మంలోనే చెప్పాడు. మేస్త్రీ భార్యను పిలిచాడు, బావమరిదిని ఎదురుగా నిలబడమన్నాడు. కచేరీలో సాక్ష్యం చూపిస్తున్నట్టు తాళం చూపించాడు, ముడి చూపించాడు. వేసిన ముడి వేసినట్టే ఉందా లేదా అని బావమరిది చేత ఉందనిపించాడు. అప్పుడు గుడ్డ విప్పి కర్రను పెద్దాయన చేతికిచ్చాడు.

పెద్దాయన మురిపెంగా పట్టుకున్నాడు. బొటనవేలు కుదిరింది, చూపుడువేలు కుదిరింది, నడిమివేలు కుదిరింది. గుప్పిట బిగించబోయి చురుక్కుమన్నట్టు వదిలేశాడు. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ వదిలేశాడు. టోపీ కింద ఆయన మొహం చిన్నబోయింది.

"మేస్త్రీ," అన్నాడు మెల్లగా, "ఇది నా చెయ్యి కాదు."

అరచేతి అంచు ఆనేచోట ఏదో పొడుచుకొస్తోందని చెప్పాడు. మేస్త్రీ పిడి లాక్కుని, కళ్ళు మూసుకుని తడిమాడు. నున్నగా ఉంది. మళ్ళీ తడిమాడు. ఎక్కడా ఏమీ లేదన్నాడు. పెద్దాయన వేలు పెట్టి చూపించాడు. భార్య ముందుకొచ్చి చూపుడువేలితో అదేచోట తాకి, గబుక్కున వేలు వెనక్కి తీసుకుంది. మేస్త్రీ కిటికీ దగ్గరికి వెళ్ళి పిడిని వెలుతురుకు అడ్డంగా తిప్పాడు. ఎన్నడూ నమ్మని కంటికి కనిపించింది. పిడి అంచున కత్తి వాదరలాంటి గీత ఒకటి, దాని పక్కన సన్నని నీడ.

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. ఎలా తీశావురా పెట్టెని అని బావమరిది మీదికి వెళ్ళాడు. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన ఇబ్బందిగా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మేస్త్రీ వంగి తాళం చూశాడు, గీత పడలేదు. మొలతాడు చూసుకున్నాడు, తాళంచెవి అక్కడే ఉంది. ముడి వేసినట్టే ఉందని ఇప్పుడే అందరి ముందూ ఒప్పించింది తనే. ఈ పిడిని మొదటినుంచి చివరిదాకా తాకిన చెయ్యి ఒక్కటే. దొంగకోసం వేసిన కట్టుదిట్టమంతా తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చి ఆగింది.

భార్య మేకుకున్న మొదటి పిడిని తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఇరవై రెండేళ్ళ కిందట ఆయన గుప్పిటలోనే గట్టిపడిన పిడి అది. బొటనవేలూ, రెండు వేళ్ళూ వాటి గాడుల్లో వాటంతట అవే వెళ్ళి కూర్చున్నాయి. ఉంగరపువేలూ చిటికెనవేలూ కూర్చోలేదు. కొంచెం వంగి, గాడికి పైన, ఎవరివో అన్నట్టు తేలుతూ ఉండిపోయాయి. బిగించమని మనసులో చెప్పాడు. అవి వినలేదు. కిందికి చూస్తే ఆ వేళ్ళ కింద ఖాళీ కనిపిస్తోంది, ఆయనకు మాత్రం అక్కడ ఖాళీ ఉందని కూడా తెలియడం లేదు.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

ఆరు నెలలైందని భార్య చెప్పింది. ఇద్దరు మనుషులు పిడులు వెనక్కి తెచ్చారట, ఆయన అప్పుడు బజారుకు వెళ్ళాడు. రెండింటికీ చిటికెనవేలి వైపే లోపం. తమ్ముడు కూర్చుని సరిచేసి ఇచ్చాడు. ఆ తర్వాతినుంచి మధ్యాహ్నం ఆయన పడుకున్న గంటలో ప్రతి పిడినీ ఆమె తడిమి చూసేది, అతను రుద్దేవాడు. మరీ కుదరనిచోట కోసేసి, అంతమేరా మళ్ళీ నురగ కొట్టి, చీటీలో కొలతలు చూసి దిద్దేవారు. డబ్బాలు అలా అయిపోయాయి. గ్లాసులు జారినప్పుడే ఆమెకు భయం పట్టుకుంది. డాక్టరు దగ్గరికి వెళదామంటే, ఆ డాక్టరుకూ నీకూ ఏమిటి సంబంధమని ఆయన అడిగాడు. అది ఆయనకూ గుర్తుంది.

చేతివాటం ఎక్కువైపోతోందక్కా. ఆ మాట ఆయన చెవిలో మళ్ళీ వినిపించింది. ఈ గదిలో ఆ మాటకు ఒకటే అర్థమని వచ్చినవాళ్ళందరికీ చెప్పినవాడు తను. వంటింటి గోడకు చెవి పెట్టేసరికి వీధి అర్థం తీసుకున్నవాడూ తనే. ఎక్కువైపోయింది తన చెయ్యి ఒకవైపుకి తప్పే వాటమే. ఆయనకు సిగ్గేసింది. పరాయి మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, ఈ వయసులో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు చెప్పి ఉండాల్సింది," అన్నాడు.

"చెబితే నమ్మేవారా?" అంది భార్య. కోపంగా అనలేదు. "మీ పని లాక్కోవడానికి అక్కాతమ్ముళ్ళు నాటకమాడుతున్నారని అనేవారు కాదూ?"

అనేవాడు. ఆయనకు అందులో అనుమానం ఏమీ లేదు. అనడమేమిటి, అనుకుని, ముహూర్తం కూడా పెట్టుకున్నాడు. ఈపాటికి బావమరిది సంచి సర్దుకుంటూ ఉండవలసింది.

పెద్దాయన లేవబోయాడు. ఇంకో ఆదివారం వెళతానని, చెరువు ఎక్కడికీ పోదని అన్నాడు. మేస్త్రీ ఆయన్ని కూర్చోమన్నాడు. బల్ల సొరుగు లాగి సన్న ఉప్పుకాగితం ఒకటి తీశాడు, మడిచి, బావమరిది ముందుకు చాచాడు. ఏడేళ్ళలో మొదటిసారి. అతను అక్క మొహం చూసి, బావ మొహం చూసి, తీసుకున్నాడు. పావుగంట రుద్దాడు. మధ్యమధ్య పెద్దాయన చేతికిచ్చి చూసుకుంటూ, అక్కడింత ఇక్కడింత తీశాడు. మేస్త్రీకి ఊరుకోబుద్ధి కాక, ఎక్కువ తీసేయకు, ఎక్కువ తీసేయకు అని నాలుగుసార్లు అన్నాడు. అయిదోసారి పిడి పట్టుకున్న పెద్దాయన లేచి నిలబడి, గది మధ్యలోంచి కిటికీవైపు గాలం వేస్తున్నట్టు కర్రను ఒక్కసారి విసిరాడు. కర్ర చేతిలోనే నిలిచింది. ఆయన ఇంకోసారి విసిరాడు, ఆ తర్వాత ఊరికే మరో నాలుగుసార్లు విసిరాడు.

దారం చుట్టి, మొదటి పూత పూసి, జాగ్రత్తలు చెప్పి ఆయన్ని పంపేసరికి మధ్యాహ్నమైంది. బావమరిది మనసులో మాట చెప్పాడు. ఉప్పుకాగితం చుట్టే చెక్కకు బావ చేతికి సరిపోయే పిడి ఒకటి పెడదామన్నాడు. ఇప్పుడు ఉన్న చేతికి, ఉన్నది ఉన్నట్టు. ముతక పనంతా దాంతో బావ చేసుకోవచ్చు, చివర తడిమి చూడటం మాత్రం తనూ అక్కా చూసుకుంటారు. సోమవారం డాక్టరు దగ్గరికి వెళదామని భార్య అంది. మేస్త్రీ ఏ డాక్టరని అడగలేదు.

ఆయన ఖాళీ చీటీ ఒకటి తీసి కొలతలు తనే రాసుకున్నాడు. చేతివాటం గడి దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగింది. కాసేపు చూసి, చీటీని బావమరిది వైపు జరిపాడు.

"ఇది నువ్వు రాయి," అన్నాడు. "నాకు తెలియదు."

తర్వాత వెళ్ళి, ఇరవై రెండేళ్ళుగా ఇతరుల్ని కూర్చోబెట్టిన కుర్చీలో కూర్చున్నాడు. బావమరిది చెక్కకు నీళ్ళు చిలకరించి, నురగ కొట్టి, తొడుగు వేసి, అది బిగుసుకునే అదను చూసి చేతికిచ్చాడు. భార్య వచ్చి, ఆ రెండు వేళ్ళనూ ఒక్కొక్కటిగా మడిచి, నురగ మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి పట్టుకుంది. ఆమె చెయ్యి వెచ్చగా ఉందని మేస్త్రీకి మూడు వేళ్ళ మీద తెలిసింది. మిగతా రెండింటి మీదా ఆ వెచ్చదనం ఉండే ఉంటుందని అనుకున్నాడు.

"ఇరవై నిమిషాలూ అయ్యాయి బావా," అన్నాడు బావమరిది. "ఇంక చెయ్యి తీయొచ్చు."

మేస్త్రీ గోడ గడియారం వైపు చూడకుండా గుప్పిట విప్పాడు.